చెన్నపట్నములో ఆర్మీనియనుల దేవాలయము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దల చరిత్ర చెప్పవలసిన సభలో ఎక్కడివారో ఆర్మీనియనుల సంగతి ఎత్తుకొన్నారేమని కొందరికి తోచవచ్చును. మాంగనీసు గనుల పనికి, ఫ్యాక్టరీ పనికి ఊళ్ళు విడిచి గరివిడి చేరిన కుటుంబములు మనలో ఎన్ని లేవు? అట్టివారు కట్టుకొన్న సంఘము కథే ఇదియును.

ఆర్మీనియా దేశము నాల్గవ శతాబ్దపు ఆరంభములోనే రాజుతో సహా క్రీస్తును అంగీకరించినది. సుమారు 405లో మెస్రోప్ మష్టోత్స్ అను భక్తుడు లిపి కూర్చగా వారికి తమ భాషలో బైబిలు కలిగినది. 1604-05లో పారసీక చక్రవర్తి షా అబ్బాసు జుల్ఫా పట్టణపువారిని బలవంతముగా ఇస్ఫహాను దగ్గరకు తరలించినాడు. అక్కడ వెలసిన కొత్త జుల్ఫా వర్తకులే మన దేశమునకు వచ్చినారు. మన మచిలీపట్నము వారెరిగిన రేవే. హైదరాబాదు ఉప్పుగూడలో వారి పాత సమాధులు నేటికిని ఉన్నవి.

1688లో ఈస్టిండియా కంపెనీ వారితో ఒడంబడిక చేసికొన్నది. కంపెనీ పట్టణములో నలభైమంది ఆర్మీనియనులు కాపురముంటే గుడికి స్థలమిచ్చి, ఏడేండ్లపాటు వారి గురువునకు ఏటా 50 పౌనులు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. ఇది భక్తితో చేసినది కాదు, వారి వర్తకము కావలసి చేసినది!

చెన్నపట్నములో వారి మొదటి గుడి 1712 నాటిది. ఇప్పుడున్న మరియమ్మ దేవాలయము 1772లో కట్టినది. అది ఉన్న ఆర్మీనియన్ వీధి పేరు తమిళుల నోట అరణ్మనైక్కారన్ వీధి, అనగా రాజనగరువాని వీధి అయినది! గంటల గోపురము గుడికి ఎడముగా నిలిచియున్నది. అందులో ఆరు పెద్ద గంటలు. వారిలో పెట్రస్ ఉస్కాన్ అను వర్తకుడు 1726లో సైదాపేట వద్ద అడయారు నదిపై వంతెన తన సొమ్ముతో కట్టించినాడు. దానిమీద నడిచినవారు ఏ మతస్థులని ఆయన అడుగలేదు.

మాకు అన్నిటికన్న గొప్పగా తోచినది వేరొకటి. షిరాజు నుండి వచ్చిన హారుత్యూన్ ష్మావోన్యాన్ గురువు తన ఇద్దరు కుమారులను ఒక్క వారములోనే పోగొట్టుకొన్నవాడు. ఆయన 1794లో ఈ పట్నము నుండే ‘అజ్దరార్’ అను మాసపత్రిక అచ్చువేసినాడు. లోకములో ఆర్మీనియను భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. స్వదేశములో కాదు, మన తీరమున! అది 1796 వరకే నడిచినది. ఆయన 1824లో మరణించగా ఆ గుడి ఆవరణలోనే సమాధి చేసినారు.

కాలక్రమమున వర్తకము ఇంగ్లీషువారి చేత చిక్కినది. కుటుంబములు కలకత్తాకు, ఇతర దేశములకు తరలిపోయినవి. నేడు చెన్నైలో ఆ సంఘస్థులు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. కలకత్తాలోని వారి సంఘమే గుడిని కాపాడుచున్నది. అయినను ఆవరణలోని సుమారు 350 సమాధులలో ఎవరెవరున్నారో రాళ్ళు చెప్పుచున్నవి.

మన సంగతి? మన పిల్లలును విశాఖకు, హైదరాబాదుకు పోవుచున్నారు. మన సమాధుల తోటలో పేరు లేని మట్టిదిబ్బలే ఎక్కువ. ఉన్న సున్నపు అక్షరములు వానకు చెరిగిపోవుచున్నవి. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక రిజిస్టరు పుస్తకము తీసికొని కొందరము అక్కడికి వెళ్ళుచున్నాము. ఏ దిబ్బ ఎవరిదో ఎరిగిన ముసలి తల్లులు, తాతలు దయచేసి మాతో రావలెను. నడవలేనివారికి రిక్షా ఏర్పాటు చేసెదము.