నక్షత్రాల తూకం, లెక్కల టాలీ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు గనుక నేను నక్షత్రాల లెక్క చెబుతాను.

పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూపిస్తే, పట్టపగలైనా కనిపించిందని తలూపినవాళ్ళమే మనమంతా! ఆమె పక్కనున్న వశిష్ఠ నక్షత్రం దుర్భిణిలో రెండుగా కనిపిస్తుంది. అందులో పెద్దది మళ్ళీ ఒక జంట అని 1889లో హార్వర్డ్ వేధశాలవారు దాని వెలుగును విడదీసి కనుగొన్నారు. ఆ రెండూ సుమారు 20.5 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగివస్తాయి.

నక్షత్రాన్ని తూచడానికి ఈ తిరుగుడును మించిన తక్కెడ లేదు. ఎంత ఎడంలో, ఎన్ని రోజులకు తిరుగుతున్నాయో తెలిస్తే బరువు తేలుతుంది. ఇంకోవైపు శాస్త్రజ్ఞులు, ఇంత బరువుగల నక్షత్రం ఇంత వయస్సుకు ఇంత వేడి, ఇంత వెలుగు కలిగి ఉండాలని సూత్రాలతో లెక్క కడతారు. రెండూ టాలీ కావాలి. నెలనెలా మన రిజిస్టరును ట్రెజరీ అంకెలతో సరిచూసేవాళ్ళం కదా, అట్లాంటిదే.

ఉమ్మడి రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు జపాల్–రంగాపూరులో 48 అంగుళాల దుర్భిణి పెట్టి, ఒకదాన్నొకటి మరుగుపరచుకునే జంటలను ఏళ్ళ తరబడి కొలిచారు. ఆచార్య కె.డి. అభ్యంకర్ గారు అందులో ముఖ్యులు.

ఇక బ్రహ్మహృదయం. శీతకాలం రాత్రి ఉత్తరాన పసుపుగా మెరుస్తుంది. అది 104 రోజులకు తిరిగే జంట. 2009లో టారెస్ బృందం వాటి బరువులు కట్టి సూత్రాలతో పోల్చితే టాలీ కాలేదు. మనకు తెలిసిన బాధే! సూత్రం తప్పా, కొలత తప్పా? తేడా వస్తే సూత్రాన్ని సర్దడం సులభం. 2011లో జర్మనీవారు కొత్త కొలతలు ప్రకటించారు. వాటితో 2015లో టారెస్ బృందమే మళ్ళీ లెక్క చూస్తే సూర్యునికి 2.57, 2.48 రెట్లు అని తేలింది. పాత బరువుల్లో రెండింటి మధ్య తేడా నూటికి ఒక పాలే, ఇప్పుడు మూడున్నర. ఆ కాస్తతోనే రెండింటికీ ఒకే వయస్సు, సుమారు 60 కోట్ల ఏళ్ళు, కుదిరింది. పెద్దది కడుపులో హీలియం మండిస్తోంది, చిన్నది ఇంకా ఆ దశకు రాలేదు. ఒకేరోజు సర్వీసులో చేరినా ఒకరికి ప్రమోషను ముందొచ్చినట్టు!

మన సూర్యునికి జంట లేదు. ఆయన ఇంకో 500 కోట్ల ఏళ్ళు వెలుగుతాడని చెప్పేది కూడా ఈ సూత్రాలే. అందుకే ఎక్కడో ఉన్న జంటల దగ్గర వాటిని సరిచూస్తున్నారు.

చలికాలంలో మనవళ్ళను మిద్దె మీదికి తీసుకుపోయి బ్రహ్మహృదయాన్ని చూపించండి. కంటికి ఒక్కటే కనిపిస్తుంది. రెండని మీరు చెప్పండి.