శుకవనమును, మా అక్కగారి వరండాయును
(భిలాయి సెక్టర్ 6లో జరిగిన సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ప్రసంగింపుమని కార్యదర్శిగారు వ్రాసినప్పుడు విషయమేమియో తెలుపలేదు. సచివాలయోద్యోగి కదా, సెలవు నిబంధనలను గూర్చియో పింఛనును గూర్చియో చెప్పునని మీలో కొందరు భయపడియుందురు. ఆ భయము వలదు. గత చలికాలమున మైసూరులో చూచిన ఒక పక్షివనమును గూర్చి చెప్పెదను. నడుమ కొంత చట్టము వచ్చును. అలవాటు పోదు గదా!

మైసూరులో అవధూత దత్తపీఠపు ఆశ్రమ ప్రాంగణమున శుకవనమను పక్షిశాల కలదు. అది ప్రభుత్వపు జంతుశాల కాదు. ఆశ్రమమువారు స్వయముగా పోషించుచున్నది. విస్తీర్ణము ఒక ఎకరమున కటునిటుగా నుండును. 1972లో సోవియట్ మైత్రికి గురుతుగా వెలసిన మీ మైత్రీబాగుతో పోల్చినచో పెరటితోట వంటిది. కాని యెత్తు చూడవలెను! దాదాపు 50 మీటర్ల యెత్తున వల కట్టియున్నారు. ఒకే పక్షిశాలలో 468 జాతుల పక్షులున్నవని 2017లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

మేము సకుటుంబముగా వెళ్లితిమి. ఎఱ్ఱని మకావులు, నీలము పసుపు కలిసిన మకావులు, తురాయి విప్పి మూయు తెల్లని కాకటూలు, ఎఱ్ఱతోక గల ఆఫ్రికా బూడిద చిలుకలు. ఏది ముందు చూడవలెనో తోచలేదు. ఒక మకావు మా అమ్మాయి చేతిపై వ్రాలినది. దాని బరువునకు పిల్ల మోచేయి క్రిందికి వంగినది గాని చేయి తీయలేదు. మా యింట అంతసేపు నిశ్శబ్దముగా ఆ పిల్ల యెన్నడును నిలిచియుండలేదు.

ఆ వనమున పక్షులకు వైద్యశాలయు కలదు. గాయపడినవియు, యజమానులు వదలిపెట్టినవియు అచ్చట ఆశ్రయము పొందుచున్నవి. ఈ మాట విన్నది మొదలు నా సంతోషములో కొంత కలత ప్రవేశించెను. చిలుక దీర్ఘాయువు గల ప్రాణి. పెద్ద మకావులు ఏబదియేండ్లు కూడ బ్రదుకును. ముచ్చటపడి కొన్నవాని ముచ్చట అన్నాళ్లు బ్రదుకదు. ఒంటరిగా నుంచిన చిలుకలు విసుగుచేత తమ యీకలు తామే పెరికికొనునని పక్షివైద్యులు చెప్పుదురు.

నాకును ఒక పాత బాకీ కలదు. నా పదవయేట విజయనగరములో మా నాన్నగారు సంతనుండి రామచిలుకను తెచ్చిరి. ఒక మధ్యాహ్నము అందఱును నిద్రించుచుండగా నేను పంజరపు తలుపు తీసితిని. స్వాతంత్ర్య మిచ్చితినని గర్వము. అది గోడవఱకు పోయి, పైకెగురలేక, నేలపై పడినది. దాని రెక్కలు కత్తిరించియున్నవని నే నెఱుగను. పొరుగింటి పిల్లి యెఱుగును. నాన్నగారు నన్ను కొట్టలేదు. ఖాళీ పంజరమును అటకపై పెట్టిరి. ఇల్లమ్మిన నాటివఱకు అది అచ్చటనే యుండెను.

ఇక చట్టము. మన వేపచెట్టుపై వ్రాలు రామచిలుకను పంజరమున నుంచుట నేరము. అమెజాను అడవుల మకావును పెంచుట, సక్రమముగా నమోదు చేయించినచో, నేరము కాదు. వినుటకు వింతగానున్నది గాని కారణము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు ప్రాణులను కాపాడుట కేర్పడినది. విదేశీ పక్షుల ప్రసక్తి అందు చిరకాలము లేదు. 2022 నాటి సవరణలో అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలలోని జాతులను చేర్చిరి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమములచేత అట్టి ప్రాణులున్నవారు పరివేష్ అను ప్రభుత్వ వేదికయందు నమోదు చేయించుట విధియైనది. మీలో ఎవరి యింటనైన ఆఫ్రికా బూడిద చిలుక యున్నచో, ఈ రాత్రికే కాగితములు వెదకికొనుడు.

పంజరము సర్వదా పాపమే యని నేనను. బ్రెజిలు దేశపు స్పిక్స్ మకావు సంగతి వినుడు. అడవిలో మిగిలిన కట్టకడపటి మగపక్షి 2000లో కనబడకపోయెను. అప్పటికి ఆ జాతి పంజరములలో మాత్రమే, అందును పెక్కు ప్రైవేటు సేకర్తల యొద్దనే, మిగిలియుండెను. అట్టి పక్షుల సంతతియే వృద్ధిపొంది, 2020లో 52 పక్షులు జర్మనీనుండి స్వదేశమునకు పోయినవి. 2022లో ఇరువదింటిని అడవిలో విడిచిరి. వాగుల వెంట చెట్లు నఱకబడుటతోపాటు పట్టి యమ్ముటయు ఆ జాతిని క్షీణింపజేసినది. కొన్నవారి యిండ్లలోనే అది బ్రదికినది. ఈ లెక్కను ఏ పద్దులో వ్రాయవలెనో నాకు తెలియదు.

అన్ని జాతులును పంజరమున వృద్ధిపొందవు. ఈ రాష్ట్రపు పక్షియైన బస్తరు కొండగోరువంక మనిషి పలుకును అచ్చముగా పలుకును. దానిని వృద్ధిచేయ జగదల్‌పూరులో పంజరములు కట్టి యేండ్ల తరబడి యత్నించిరి. మగ యేదో ఆడ యేదో పైరూపుచేత తెలియనిదగుటయే మొదటి చిక్కు. ఆ యత్నము ఫలింపలేదు. పిదప కాంగేరు లోయ అడవిలోనే, గూళ్లకు కాపుగా, స్థానిక యువకులను మైనా మిత్రులుగా నియమించిరి. నా మనస్సు ఈ పద్ధతివైపే మొగ్గుచున్నది.

ఇదంతయు చెప్పుటకు వేఱొక కారణము కలదు. నేనిచ్చట సెక్టర్ 6లోనే మా అక్కగారి క్వార్టరులో దిగితిని. వరండాలో పంజరము, అందొక రామచిలుక. తొమ్మిదేండ్ల క్రిందట గాలివానకు చెట్టుతొఱ్ఱనుండి పడిన పిల్లను మా అక్క అత్తగారు దూదితో పాలు పట్టి బ్రదికించిరట. ఆమెగారిది శ్రీకాకుళము ప్రాంతము. మనుమలు బడిలో హిందీ, ఇంటిలో సగము హిందీ. ఆ యింట ఆమెతో ఆమె యాసలో మాటాడునది ఆ చిలుక యొక్కటియే. తెల్లవాఱగనే “ఏటే, తిన్నావా?” అని అడుగును.

నిన్న మా మేనల్లుడు నన్ను ప్రక్కకు పిలిచి, “మామయ్యా, ఇది నేరమని మా మాస్టారు చెప్పారు. తలుపు తీసేయనా?” అనెను. నాకు గోడయు పిల్లియు జ్ఞాపకము వచ్చినవి. “తీయకురా” అంటిని. మనిషిచేతిలో పెరిగిన పక్షి తిండి వెదకికొన నేర్వదు, పిల్లిని చూచి బెదరదు. విడుచుటకు పూర్వము నేర్పవలెను. నేర్పువారి చేతిలో పెట్టవలెను.

పిమ్మట ఆమెగారితో చట్టము చెప్పితిని. ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు, “ఇచ్చేస్తే రోజూ వెళ్లి చూడనిస్తారా, బాబూ?” అని యడిగిరి. ఇరువదియేండ్లుగా దస్త్రములపై సమాధానములు వ్రాయుచున్నాను, దీనికి వ్రాయలేకపోయితిని.

ఆమెగారు ఈ సభలో మూడవ వరుసలో నున్నారు. వారి యనుమతితోనే యిది చెప్పితిని. సోమవారమున మే మిరువురమును దుర్గులోని అటవీశాఖ కార్యాలయమునకు పోవుచున్నాము. పంజరమును తీసికొనిపోము; మొదట అడిగి వత్తుము.