బుట్టబంతి: రెండు చేతుల సాధన



సాయంకాలమున బడి విడిచిన పిల్లలు ఇల్లు చేరక మైదానమున బంతి పట్టుకొని తిరుగుచుండిన పెద్దలకు విసుగు కలుగుట సహజము. "ఒకే బంతిని ఒకే చక్రములో నూరుమారులు వేయుటలో ఏమి పురుషార్థమున్నది?" అని ఒక పెద్దమనిషి నన్నడిగినారు. నేను బడిలో వ్యాయామోపాధ్యాయుడను. వారి ప్రశ్నకు నేటి ప్రసంగమున సమాధానము చెప్ప యత్నించెదను.

ముందుగా ఆ యాట సంగతి మనవి చేసెదను. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున శిష్యులు ఇంటిలోపల ఆడుకొనుటకై దీనిని కల్పించెను. వ్యాయామశాల రెండు కొసలను పైవసారా అంచునకు పండ్లబుట్టలు కొట్టెను. వాని ఎత్తు పది అడుగులు. బుట్ట పోయి ఇనుపచక్రము వచ్చినది గాని, ఎత్తు నేటికిని పది అడుగులే. చక్రము అడ్డుకొలత 18 అంగుళములు, అనగా సరిగా మూరెడు. బంతి జేనెడునకు కొంచెము మించును. మూరెడు చక్రములో జేనెడు బంతి వేయుట చూచువారికి సులభముగానే తోచును. పరుగెత్తుచు వేయబోయినప్పుడుగదా కష్టము తెలియును!

పరుగున చక్రము దరికి పోయి, ఎగిరి, బంతిని వెనుకనున్న పలకకు తాకించి లోపల పడునట్లు చేయుటను లే-అప్ అందురు. ఇది విసరుట కాదు. ఉట్టిమీద కుండ నుంచినట్లు మెల్లగా ఉంచుట. కుడివైపునుండి వచ్చువాడు కుడికాలు వేసి, పిదప ఎడమకాలు వేసి, ఆ యెడమకాలిమీదనే పైకి లేవవలెను. కుడిచేత బంతిని విడువవలెను. ఎడమవైపున కాలును చేయియు తారుమారగును. చూపు బంతిమీద గాక పలకమీద నుండవలెను. పరుగు వేగము బంతికిని అంటుకొనియుండును గనుక, గట్టిగా వేసినచో అది పలకను కొట్టి వెనుకకు వచ్చును. కావున ముందునకు దుముకరాదు, పైకి లేవవలెను.

ఇక నా తప్పు చెప్పుకొనెదను. ఒకమారు పొరుగూరి జట్టుతో ఆడుచుంటిమి. మేము ఒక్క పాయింటు వెనుకబడియుంటిమి. కడపటి క్షణమున మా బాలుడొకడు ఎడమవైపునుండి బంతితో చక్రము చేరెను. ఎదిరిపక్షమువాడు వాని కుడిప్రక్కనే పరుగెత్తుచుండెను. ఎడమచేత వేసినచో అడ్డగింప నెవ్వరికిని శక్యము కాదు. కాని అలవాటు లేక వాడు బంతిని కుడిచేతికి మార్చుకొనెను. ఎదిరివాని అరచేయి దానిని తన్నివేసెను. ఓడితిమి. అందరును బాలుని నిందించిరి. వాడు రెండుదినములు బడికి రాలేదు.

తప్పు వానిది కాదు, నాది. కుడిచేయి చక్కగా సాగుచున్నదిగదా యని నేను ఎడమచేతికి సాధన చేయింపనైతిని. త్వరగా గెలుపు కనబడు త్రోవనే పట్టితిని.

అప్పుడు నాకు జార్జి మైకన్ చరిత్రము జ్ఞప్తికి వచ్చినది. 1942లో షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయమునకు రే మేయర్ శిక్షకుడుగా వచ్చెను. మైకన్ అచ్చటి విద్యార్థి. ఆరడుగుల పది అంగుళముల పొడవు, దళసరి కండ్లద్దములు, మొరటు నడక. మేయర్ అతనిచేత త్రాడు దాటించెను, నాట్యము నేర్పించెను, చక్రము క్రింద నిలిపి కుడిచేత నొకటి, ఎడమచేత నొకటి ఎడతెగక వేయించెను. ఆ మొరటు బాలునినే 1950లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ యర్ధశతాబ్దమున ఈ యాటలో మేటిగా ఎన్నుకొనెను. ఆ సాధనకు నేటికిని మైకన్ పేరే నిలిచియున్నది.

దానికి పరుగు అక్కరలేదు. చక్రము క్రింద నిలిచి, ఎడమకాలిమీద లేచి కుడిచేత వేయవలెను. పడిన బంతిని నేల తాకనీయక అందుకొని, గడ్డము క్రిందికి దింపక, అవతలి ప్రక్కకు అడుగువేసి, కుడికాలిమీద లేచి ఎడమచేత వేయవలెను. ఇట్లు మొదట నిదానముగా, పిదప వేగముగా చేయవలెను.

మూడవదినమున నేనే ఆ బాలుని యింటికి పోయి, తప్పు నాదని వాని తండ్రియెదుట చెప్పి, తీసికొనివచ్చితిని. పిల్లలతో కూడ నేనును ఎడమచేత వేసితిని. పదింట రెండే పడినవి. పిల్లలు నవ్విరి, ఆ బాలుడును నవ్వెను. నాటినుండి ప్రతిసాయంకాలము మొదటి వంతు ఎడమచేతిదే.

భోజనమునకును దానమునకును కుడిచేయి మన ఆచారము. దానిని మార్పుమని నేను చెప్పను. ఆటలో మాత్రము రెండు చేతులకును పని గలదు. మీ మనుమడు చీకటిపడువరకు ఒకే బంతిని మరల మరల వేయుచుండిన, కోపపడకముందు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. వాడు తనకు రాని దానిని నేర్చుకొనుచున్నాడేమో! అట్లయిన, ఆ నూరుమారులును వృథా కావు.

సెలవు.