జ్ఞాపిక మీద పేరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి, వైద్యం బిల్లుల సంగతి కార్యదర్శి గారు చెప్పేశారు. నన్నేమో ఏదైనా కాలక్షేపం విషయం మాట్లాడమన్నారు. ఏటా మనం ఇచ్చుకునే జ్ఞాపికల మీద పేర్లు ఎలా పడతాయో చెబుతాను. అందులో నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది.

నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరుగా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. ట్రేసింగు క్లాతు మీద ఇండియన్ ఇంకుతో కాలువల ప్లాన్లు గీసి పేర్లు రాయడమే నా ఉద్యోగం. అక్షరం తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ రాసేవాళ్ళం. పై ఆఫీసరుకు తెలిసేది కాదు.

మన చిన్నతనంలో పేరు చెక్కించడమంటే గిన్నెల మీదే. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అజ్జరం ఇత్తడి బిందె మీద మా తాతగారి పేరు ఇప్పటికీ చదవవచ్చు. స్టీలు సామాన్లు వచ్చాక కోటగుమ్మం వైపు కొట్టు అరుగు మీద ఒకాయన చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకుని కూర్చునేవాడు. అక్షరానికి ఇంత అని లెక్క. పొడుగు పేర్లవాళ్ళు బేరం ఆడేవారు. ఆయన ఉలి ఆనించే ముందు తలెత్తి, "శ కొట్టమంటారా, స కొట్టమంటారా అండీ?" అని అడిగేవాడు. తరవాత కరెంటు పెన్ను వచ్చింది. గుర్రుమని చప్పుడు చేస్తూ రాసేది గాని అడగడం మాత్రం మానలేదాయన.

ఈ పని మన సీమకు కొత్త కాదు. రాజరాజ నరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనాన్ని రాగి రేకుల మీదే చెక్కారు. దాన్ని రచించినవాడు నన్నయ భట్టు. తూర్పు చాళుక్యుల శాసనాల చివర రచించిన కవి పేరుతో పాటు చెక్కినవాడి పేరు కూడా కనబడడం కద్దు. చెక్కిన అక్షరానికి జవాబుదారీ వహించే మనిషి ఒకడు ఉండేవాడన్నమాట.

ఇక లేజరు. మొదటి లేజరును 1960లో అమెరికాలో మైమన్ అనే ఆయన కెంపు కడ్డీతో పనిచేయించాడు. ట్రోఫీల కొట్లలో ఎక్కువగా కనబడే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనిపెట్టినది మన దేశస్థుడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనా ఇంజనీరింగు కాలేజీలో చదివి, అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన కుమార్ పటేల్. మనం ఊపిరితో వదిలే వాయువే అది. దానికి నైట్రోజన్, హీలియం కలిపి గాజు గొట్టంలో ఉంచి విద్యుత్తు పంపితే కిరణం పుడుతుంది. కంటికి కనబడదు. అద్దాల మీద నుంచి మళ్ళించి, కటకంతో సూదిమొన అంత చోట గుచ్చితే అక్కడి పదార్థం ఆవిరైపోతుంది.

మన ఊళ్ళో ఒక కొట్లో నిలబడి చూశాను. యంత్రం భోషాణం పెట్టె అంత ఉంది. మనం ఆఫీసులో చూసిన డాట్ మేట్రిక్స్ ప్రింటరు తల మాదిరిగానే కటకం ఉన్న తల అటూ ఇటూ వరస వరసగా తిరుగుతుంది. ఏక్రిలిక్ పలక మీద తెల్లని అక్షరం పొడిగా తేలుతుంది, చెక్క మీద అయితే కాలి గోధుమరంగు. ఏక్రిలిక్‌కు వెనక వైపు అక్షరాలను తిరగేసి చెక్కుతారు, ముందు నుంచి చూస్తే సరిగా కనబడి పలక నున్నగా ఉంటుంది. వట్టి ఇత్తడి, రాగి ఈ కిరణాన్ని తిప్పికొట్టేస్తాయి. లోహానికి ఫైబర్ లేజరు అని వేరే యంత్రం ఉంది. పి.వి.సి. షీటు పెడితే మాత్రం ఆ కుర్రవాడు ససేమిరా ఒప్పుకోలేదు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుందట, ఊపిరితిత్తులకూ చెడుపే, యంత్రమూ తుప్పు పడుతుందట. మన ఆఫీసుల్లో అంత జాగ్రత్త ఎవరైనా చూపించారా అనిపించింది.

టీ తాగి వచ్చేలోగా పలక తయారు. చేతితో చెక్కినదానిలో వంకర ఉంటుంది, దీనిలో వెంట్రుకవాసి తేడా లేదు. మనం ఇచ్చిన అక్షరమే పడుతుంది. చిక్కంతా అక్కడే.

2023లో 80 ఏళ్ళు నిండిన సభ్యులకు జ్ఞాపికలు చేయించే పని నాకు అప్పగించారు. పింఛను కాగితాలు చూసి పేర్ల జాబితా ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ఇంగ్లీషులో ల అయినా ళ అయినా ఒకటే 'ఎల్'. కొట్లో కుర్రవాడు తెలుగులోకి మార్చి టైపు చేశాడు. మన మిత్రుడొకరి ఇంటిపేరులో 'ళ్ళ' కాస్తా 'ల్ల' అయింది. సంచి విప్పి లెక్క చూసుకున్నాను గాని పేర్లు చదవలేదు. జీవితమంతా అక్షరాలు రాసినవాణ్ణి, చదవలేదు! సభలో శాలువా కప్పి చేతికిచ్చాం, ఆయన నవ్వుతూ తీసుకున్నారు.

నాలుగు నెలల తరవాత ఆయన కాలం చేశారు. పలకరించడానికి వెళితే ఫోటో పక్కన మన జ్ఞాపిక, దండ వేసి ఉంది. అప్పుడు చదివాను. నోట మాట రాలేదు. వారి భార్య నా చూపు కనిపెట్టి, "ఆ రోజు రాత్రే భూతద్దం పెట్టి చూసుకున్నారండి అన్నయ్యగారూ. మీతో అనొద్దన్నారు, బాధపడతారని" అన్నారు.

ఏక్రిలిక్ మీద బ్లేడు పనిచేయదు. పోయిన పదార్థం తిరిగి రాదు. మళ్ళీ కొత్తది నా ఖర్చుతో చేయించి పట్టుకెళ్ళాను. ఆవిడ తీసుకుని పక్కన పెట్టారు గాని పాతది తీయనివ్వలేదు. "ఇది ఆయన చేత్తో పట్టుకున్నదండి" అన్నారు. ఇప్పుడు ఆ బల్ల మీద రెండు పేర్లూ ఉన్నాయి.

ఈ సంవత్సరం కూడా కమిటీ వారు ఆ పని నాకే ఇచ్చారు. వద్దన్నాను, వినలేదు. అందుకని కుర్రవాడి చేత టైపు చేయించి, చెక్కడానికి ముందు కాగితం మీద అచ్చు తీయించాను. తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కాగితం. భూతద్దం కూడా అక్కడే పెట్టాను. ఇంటిపేరు, ఒత్తులు, దీర్ఘాలు, రిటైరైన తేదీ మీ కళ్ళతో మీరే చూసుకుని, తప్పుంటే ఎర్ర సిరాతో దిద్ది, కింద సంతకం పెట్టండి. మొహమాటపడవద్దు. రాలేనివారి కాగితాలను ఇళ్ళకు తీసుకెళ్ళడానికి రామచంద్రపురం వైపు ఒకరు, తణుకు వైపు ఒకరు ముందుకు రావాలి. భోజనాలకు లేచే ముందే ఈ పని కానిచ్చేద్దాం, సాంబారు చేతులతో ముట్టుకుంటే కాగితాలు పాడవుతాయి.