ఖడ్గానికి ధర్మపాలుడని పేరు
(ఉపన్యాస పాఠం)



కరుణామూర్తి అయిన భగవంతుని చేతిలో ఖడ్గమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఆయుధచరిత్రలోనూ, ఇతిహాసంలోనూ కూడా ఉన్నది.

ఖడ్గం కంటె కొడవలి ఎంతో ప్రాచీనం. ఋగ్వేదం దానిని దాత్రమన్నది. పంట కోసే ఆ వంపే యుద్ధంలోనూ ప్రవేశించింది. ప్రాచీన ఈజిప్టు యోధులు ఖోపేష్ అనే కొడవలి ఆకారపు కంచుకత్తిని ధరించేవారు. దాని పదును వంపుకు వెలుపలి అంచున ఉండేది. 1922లో బయల్పడిన టుటంఖామున్ సమాధిలో అట్టివి రెండు లభించాయి. తిన్నని కత్తి పొడవడానికి అనువైనది. వంగిన అంచు తాకినచోట నిలువక, జారుతూ కోస్తుంది. అందువల్ల అశ్వారూఢులకు అది మిక్కిలి ఉపయుక్తమైనది.

మన కౌటిల్యుడు నిస్త్రింశం, మండలాగ్రం, అసియష్టి అని ఖడ్గాలను మూడు విధాలుగా చెప్పాడు. నిస్త్రింశమంటే ముప్పది అంగుళులను, అనగా ముప్పది వ్రేళ్ల వెడల్పును, మించినదని వ్యుత్పత్తి. దాని కొన వంపు తిరిగి ఉంటుందని వ్యాఖ్యాతల వివరణ. మండలాగ్రం కొన గుండ్రన. పిడులకు ఖడ్గమృగపు కొమ్ము, మహిషశృంగం, ఏనుగుదంతం, కొయ్య, వెదురు వేరు వాడేవారు.

ఇక ఇతిహాసం. శాంతిపర్వంలో నకులుడు అంపశయ్యపై ఉన్న భీష్ముని ఖడ్గోత్పత్తిని గూర్చి ప్రశ్నించాడు. బ్రహ్మదేవుని యజ్ఞాగ్ని నుండి పుట్టిన అసి రుద్రునికి, విష్ణువుకు, క్రమంగా మనువుకు చేరిందని పితామహుడు చెప్పాడు. మనువుకు అది ఒక నియమంతో సంక్రమించింది: దండన ధర్మానుసారంగా ఉండాలి గాని స్వేచ్ఛానుసారం కారాదు, మందలింపుతో, ధనదండనతో సరిపోయేచోట, స్వల్పకారణానికి అంగచ్ఛేదం గాని వధ గాని కూడదు. ఖడ్గానికి గల ఎనిమిది నామాలలో చివరిది ధర్మపాలుడు.

ఈ నియమం తప్పినవాడు రావణుడు. శివుడు ప్రసాదించిన చంద్రహాసాన్ని సీతామాతను బెదిరించడానికి, జటాయువు రెక్కలు నరకడానికి ఎత్తిన చేయి చివరకు నేలకొరిగింది. ఆయుధం దైవదత్తమైనా అధర్మానికి రక్షణ ఇవ్వదు.

శ్రీహరి ఖడ్గం నందకం. ఆ నందకాంశయే తాళ్లపాక అన్నమాచార్యులుగా అవతరించిందని మన పెద్దల విశ్వాసం. స్వామి ఖడ్గం లోకానికి సంకీర్తనమై వచ్చింది. మనకు నేడు కత్తులు లేవు. కాని అధికారం, ధనం, వాక్కు ఉన్నాయి, అవీ పదునైనవే. విజయదశమినాడు ఆయుధపూజ చేసేటపుడు వీటిని కూడా స్వామి పాదాల చెంత ఉంచి, స్వల్పకారణానికి ఎవరినీ గాయపరచనని సంకల్పించుకుందాం.

స్వస్తి.