ముల్లంగి గింజ కాపలాదారు - బాక్టీరియాలో తయారీ
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బయోటెక్నాలజీలో చేరిన పిల్లలు ల్యాబులో రోజంతా ఏం చేస్తారని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒక్క పని తీసుకుని చెబుతాను.

మొక్కకు మనలాగా రక్తంలో తిరిగే రక్షణ కణాలు లేవు. బూజును ఎదుర్కోవడానికి అది చిన్న చిన్న ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. వాటిలో ఒక కుటుంబం డిఫెన్సిన్లు. ముల్లంగి గింజలో (తమిళంలోనూ ఇదే పేరు, ఒడిశాలో మూలా) ఇవి ఉన్నాయని బెల్జియంలోని లూవెన్ శాస్త్రజ్ఞులు 1992లో ప్రకటించారు. మొలకెత్తే గింజ పైపొర చిట్లగానే ఇవి బయటికి వచ్చి చుట్టుపక్కల బూజును ఎదగనివ్వవు.

గింజల నుంచే తీయవచ్చు కదా? తీయవచ్చు. వాళ్ళూ అలాగే తీశారు. కాని ఒక్క అమైనో ఆమ్లం మార్చి చూద్దామంటే గింజ మన మాట వినదు. అందుకని ఆ జన్యువును ప్లాస్మిడ్‌లో చేర్చి ఇ.కోలై బాక్టీరియాలోకి పంపుతారు. ఐ.పి.టి.జి. అనే రసాయనం కలిపితే తయారీ మొదలవుతుంది. ప్రోటీనుకు ముందే 6 హిస్టిడిన్లను తోకలా తగిలించి ఉంచుతారు. కణాలను పగలగొట్టి ఆ ద్రవాన్ని నికెల్ కాలమ్‌లో పోస్తే తోక ఉన్నది అంటుకుని నిలుస్తుంది, మిగతావి చాలావరకు జారిపోతాయి. తర్వాత ఇమిడజోల్ పోసి విడిపిస్తారు.

ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అసలు చిక్కు వేరు. డిఫెన్సిన్‌లో ఉండేది సుమారు 50 అమైనో ఆమ్లాలే. అందులో 8 సిస్టీన్లు జతకట్టి 4 గంధకపు బంధాలు వేసుకోవాలి. ఇ.కోలై కణం లోపలి వాతావరణం ఆ బంధాలకు పడదు. ప్రోటీను ఉండలు కడుతుంది, లేదా తప్పు జతలు వేసుకుంటుంది. 37 డిగ్రీల దగ్గర పెంచేదాన్ని 18కి తగ్గించడం, థయోరెడాక్సిన్ అనే ప్రోటీనుతో కలిపి చేయించడం, ఆరిగామి వంటి మార్చిన రకాలు వాడడం, అన్నీ ఇందుకే. ఏది కలిసొస్తుందో ముందు చెప్పలేం. నెలలు పడతాయి.

జెల్ మీద దట్టమైన గీత కనబడగానే పని ముగిసిందనుకునే విద్యార్థులున్నారు. మామూలు జెల్‌కు ప్రోటీనును మరిగించి, బంధాలు తెంచి మరీ ఎక్కిస్తాం. సరిగా ముడుచుకున్నదీ, ముడుచుకోనిదీ అక్కడ ఒక్కలాగే కనబడతాయి. తేల్చేది బూజే. ఇమిడజోల్‌ను డయాలిసిస్‌తో తీసేసి, బూజు పెరిగే పళ్ళెంలో ఒకచోట ప్రోటీను, ఇంకోచోట ఉత్త బఫరు వేసి చూడాలి. బఫరు వేసినచోటా బూజు ఆగిపోతే మన ప్రోటీను చేసిందేమీ తేలనట్టే. మీడియంలో కాల్షియం వంటి లవణాలు ఎక్కువైతే మంచి డిఫెన్సిన్ కూడా బలం తగ్గుతుంది, అదీ చూసుకోవాలి.

కనుక అమ్మలూ, నాన్నలూ, "ప్రోటీను వచ్చింది, కాని పనిచేయడం లేదు" అని మీ పిల్లలు ఫోను చేస్తే తప్పారనుకోకండి. పిల్లలూ, ప్రాజెక్టు ఎంచుకునే ముందే గైడుగారిని అడగండి: బూజు పరీక్ష ఆ ల్యాబులోనే చేయవచ్చా, లేక వేరేచోటికి పంపాలా?