సైలీషియా నుంచి బెంగళూరు కోట దాకా

చరిత్ర పుస్తకాల్లో ఐరోపా రాజుల యుద్ధాలు ఒక పాఠం, మన దేశంలోని కర్ణాటక, మైసూరు యుద్ధాలు మరొక పాఠం. పిల్లలు రెంటినీ విడివిడిగా బట్టీపట్టి పరీక్ష రాస్తారు. నిజానికి అవి రెండూ ఒకే కథ. అందులో మన తెలుగు నేలకూ, మనముంటున్న ఈ బెంగళూరుకూ చోటుంది.

1740లో ఆస్ట్రియాను ఏలుతున్న ఆరవ చార్లెస్ చక్రవర్తి మగ సంతానం లేకుండా మరణించాడు. ఇరవైమూడేళ్ళ కుమార్తె మరియా థెరిసా గద్దె ఎక్కింది. ఇదే అదననుకుని ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్, సంపన్నమైన ఆమె సైలీషియా రాష్ట్రం మీద పడ్డాడు. ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ ప్రష్యా పక్షం, ఇంగ్లండు రాజు రెండవ జార్జి ఆస్ట్రియా పక్షం చేరారు. ఆ నిప్పు సముద్రం దాటి వచ్చింది. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నం పట్టుకున్నారు. 1748లో సంధి కుదిరింది. ఉత్తర అమెరికాలో పోగొట్టుకున్న లూయీబర్గు కోట తిరిగి రావడంతో, ఫ్రాన్సు చెన్నపట్నాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చివేసింది. చెన్నపట్నం ప్రజల్ని ఎవరూ అడగలేదు.

1756లో మళ్ళీ యుద్ధం. ఈసారి జట్లు మారి, ఫ్రాన్సు ఆస్ట్రియాతోనూ, ఇంగ్లండు ప్రష్యాతోనూ కలిశాయి. అప్పటికి మన ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి సేనాని బుస్సీ మాటే చెల్లుతోంది. 1757 జనవరిలో విజయనగరం ప్రభువు విజయరామరాజు బొబ్బిలి మీదికి వెళ్ళింది ఆ బుస్సీ అండతోనే. బొబ్బిలి కోట బూడిదైంది, విజయరామరాజూ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన వారసుడు ఆనందగజపతి ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని పిలిచాడు. బెంగాలు నుంచి క్లైవు పంపగా వచ్చిన కర్నల్ ఫోర్డు, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్లో బందరు కోట కూడా పడిపోయింది. చందుర్తిలో ఒక్కో పక్షాన ఉన్న తెల్లవారు సుమారు ఐదు వందల మందే. మిగిలిన వేలమందీ మన దేశపు సిపాయిలే. వారిలో సైలీషియా పేరు విన్నవారు ఎందరుంటారు?

ఇక మైసూరు సంగతి. పదహారవ లూయీ అమెరికా పక్షాన ఇంగ్లండుతో తలపడినప్పుడు, ఇక్కడ హైదరాలీ, టిప్పు ఇంగ్లీషువారితో పోరాడుతున్నారు. 1783లో వృద్ధుడైన ఆ బుస్సీయే కడలూరుకు సేనతో వచ్చాడు. కానీ ఐరోపాలో సంధి అయిందన్న కబురు రాగానే ఫ్రెంచివారు కత్తి దించారు. మంగళూరు ముట్టడిలో టిప్పు పక్కనున్న ఫ్రెంచి దళమూ తప్పుకుంది. వారి రాజుకు యుద్ధం ముగిసింది, టిప్పుకు ముగియలేదు.

అయినా టిప్పు ఆశ వదలలేదు. 1788 ఆగస్టులో ఆయన రాయబారులు ముగ్గురు వెర్సాయి రాజభవనంలో లూయీని దర్శించి సాయం అడిగారు. ఖజానా వట్టిపోయిన ఆ రాజు మర్యాదలకు లోటు చేయలేదు, పింగాణీ సామాను కానుకగా ఇచ్చాడు. సైన్యాన్ని మాత్రం పంపలేదు. మరుసటి ఏడాదే ఫ్రాన్సులో విప్లవం వచ్చింది.

1791 మార్చి 21 రాత్రి కారన్‌వాలీసు సేన బెంగళూరు కోట గోడను ఛేదించి లోపలికి దూకింది. పదేళ్ళ కిందట అమెరికాలో యార్క్‌టౌన్ వద్ద లొంగిపోయిన కారన్‌వాలీసే ఈయన. కోటను కాపాడుతున్న ఖిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ నేలకొరిగాడు. 1792 సంధిలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకొని, ఇద్దరు కొడుకుల్ని బందీలుగా అప్పగించాడు. 1793 జనవరిలో లూయీ తలే తెగిపడింది.

తప్పంతా ఆ రాజులదే అనలేం. బొబ్బిలి మీదికి బుస్సీని తెచ్చింది మనవారే. బెంగళూరు పడిన యుద్ధంలో నిజామూ, మరాఠాలూ ఇంగ్లీషువారి పక్షమే. పొరుగువాడి మీద పగతో దూరపువాణ్ణి పిలిస్తే, అతడు తన లెక్క చూసుకునే వస్తాడు, తన లెక్క తేలగానే పోతాడు, లేదా మన ఇంట్లోనే పాతుకుపోతాడు.

బెంగళూరు సిటీ మార్కెట్టు పక్కనే ఆ కోటలో మిగిలిన ఢిల్లీ దర్వాజా ఉంది. గోడ ఎక్కడ బద్దలైందో చెప్పే శిలాఫలకమూ ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళండి. పుస్తకంలోని రెండు పాఠాలూ ఆ గోడ దగ్గర ఒకటవుతాయి.